కుడికాలి అంచున జిడ్డు

బట్టలు కుట్టేవాళ్ళ దగ్గర ఏ సంగతీ ఎక్కువకాలం దాగదు. మనిషి లావయ్యాడని అద్దం కంటే ముందు టేపు చెబుతుంది. ఏ జేబులో ఏం మోస్తాడో, ఏ మోచేతి మీద ఆనుకుని కూర్చుంటాడో చొక్కా చూసి చెప్పేయవచ్చు. ఆ వీధి మలుపులో, కింది వాటా ముందుగదిలో మిషను పెట్టుకున్న టైలరక్కకు ఈ విషయంలో కాస్త గర్వం కూడా ఉండేది. "మనిషి అబద్ధం ఆడొచ్చు, గుడ్డ ఆడదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఆమె మిషను కిటికీ పక్కనే ఉండేది. వెలుతురు కోసమే అక్కడ పెట్టానని ఆమె అనేది. ఆ కిటికీలోంచి వెలుతురుతోపాటు వీధి వీధంతా లోపలికి వచ్చేదనుకోండి, అది వేరే సంగతి.

ఒకరోజు పొద్దున్నే ఎదురు మేడలో ఉండే ఆవిడ ఒక ప్యాంటు సంచీలో పెట్టుకుని వచ్చింది. నలభై దాటిన మనిషి. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేములు పెట్టి, అద్దం చూపించి, "మీకిదే బాగుంది" అని మెత్తగా చెప్పే ఉద్యోగం. నలుగురిలో గొంతెత్తి మాట్లాడటం ఎవరూ ఎరగరు.

"అక్కా, ఇది కొంచెం అతికిపెట్టాలి. రేపు దుకాణానికి వేసుకెళ్ళాలి."

టైలరక్క ప్యాంటు తిప్పి చూసింది. వెనక, కూర్చునే చోట, గుడ్డ అరిగి చిరిగింది. మోకాలి దగ్గర ఇంకో చిరుగు. "ఇదెలా అయిందమ్మా?"

"మెట్ల మీద జారాను."

"పోయినసారి కూడా మెట్లేగా?"

"ఆ మెట్లే" అని ఆవిడ నవ్వేసింది. తర్వాత, మండే ఎండల్లో, చేతులు మణికట్టు దాకా వచ్చేలా ఒక చొక్కా కుట్టమంది. కొలత కోసం చెయ్యెత్తినప్పుడు మోచేతి పైన అరచేతంత మచ్చ కనిపించింది. కొంత నీలం, కొంత పసుపు. టైలరక్క టేపు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఆవిడ చప్పున చెయ్యి దించేసింది.

ఆమె వెళ్ళగానే టైలరక్క ప్యాంటును కిటికీ వెలుతురులో పరిచింది. చూడగా చూడగా ఆసక్తి పెరిగింది. వెనక చిరిగిందంటే వెల్లకిలా పడింది. మెట్ల మీద జారినవాళ్ళు వెల్లకిలా పడతారు, సరే. కానీ గుడ్డ పోగులన్నీ ఒకవైపుకే లాగబడ్డాయి. అంటే పడ్డాక గచ్చు మీద ఈడ్చుకుపోయింది. మెట్లు మనిషిని ఈడుస్తాయా? కుడికాలి అంచు మీద నల్లటి జిడ్డు. ఆమె మొగుడు బడి వ్యాన్ నడుపుతాడు. అతని బూట్లకు ఉండేది ఆ జిడ్డే. ముందు నుంచి తోశాడు, పడ్డాక లాగాడు, బూటు కాలితో తన్నాడు. లెక్క అతికినట్టు సరిపోయింది. ఒక్కటి మాత్రం అంతుబట్టలేదు. మోకాలి కింద, గుడ్డ మీద వరసగా చిన్న చిన్న చిల్లులు, ఎవరో లావుపాటి సూదితో పొడిచినట్టు.

"ఇవేం చిల్లులు అత్తయ్యా?"

గది మూల కూర్చుని పాత కుట్లు విప్పుతున్న అత్తగారు తల ఎత్తకుండానే, "ఆ అమ్మాయినే అడగరాదూ?" అంది.

"అడిగితే చెబుతుందా? మెట్లంటుంది."

"ఒకసారి అంటుంది. కూర్చోబెట్టి రెండోసారి అడుగు."

"మీరూరుకోండి అత్తయ్యా. ఒకరి సంసారంలో మనం వేలు పెట్టడమేమిటి?"

చూశారా చమత్కారం! వేలు పెట్టకూడదట, నోరు మాత్రం పెట్టవచ్చట. టైలరక్క చెడ్డ మనిషి కాదు. 'అతను కొడుతున్నాడు' అని ఆమె ఎన్నడూ, ఎవరితోనూ అనలేదు. కొలతలకు వచ్చిన వాళ్ళతో, గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని, "ఎదురు మేడ ఆవిడ, పాపం..." అని ఊరుకునేది. పాపం తర్వాత వచ్చే మాటను ఎవరికి వాళ్ళే పూరించుకునేవారు. "నేనేమీ అనడం లేదమ్మా, గుడ్డ చెబుతోంది" అని చివర్లో ఒక ముడి వేసేది.

ఆ మాట వీధి దాటింది. కూరగాయల కొట్టులో ఆవిడ కనబడితే మాటలు ఆగిపోయేవి. ఆవిడకు ముందు దారి ఇచ్చేవారు, సంచీ మోసిపెట్టేవారు, "జాగ్రత్తమ్మా" అని భుజం నిమిరేవారు. ఎందుకు జాగ్రత్తో ఎవరూ చెప్పేవారు కాదు. అతను కనబడితే మాత్రం మొహాలు తిప్పుకునేవారు. దానికి తగ్గట్టు అతనిది భారీ మనిషి, ఇంజను మోతకు అలవాటుపడ్డ గొంతు. "బాగున్నారా?" అని పలకరించినా కసిరినట్టే ఉండేది. ఇదివరకు ఆ గొంతు విని పిల్లలు నవ్వేవారు. ఇప్పుడు వాళ్ళ తల్లులకు అందులో ఏవేవో వినిపించసాగాయి. మొదట ఒక తల్లి తన బిడ్డను వ్యాన్ మాన్పించింది. కారణం చెప్పలేదు. ఆమెను చూసి ఇంకొకామె. తర్వాత ఎవరు ఎవరిని చూసి మాన్పించారో లెక్క లేదు.

ఒక మధ్యాహ్నం అతను టైలరక్క గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ మనిషి నీడ పడగానే గది సగం చీకటైంది. టైలరక్క చెయ్యి దానంతటదే పెద్ద కత్తెర మీదికి పోయింది.

"అక్కయ్యగారూ, మీతో ఒక్క మాట. లోపలికి రావచ్చా?"

అత్తగారే "రా బాబూ" అంది. అతను బల్ల అంచున, అది విరుగుతుందేమో అన్నట్టు కూర్చున్నాడు.

"మా ఆవిడ మీ దగ్గరకు వస్తూ ఉంటుంది కదా. ఒంట్లో బాగోలేదని మీతో ఏమైనా చెప్పిందా?"

"ఒంట్లోనా?" అంది టైలరక్క.

"ఒళ్ళంతా కమిలిన మచ్చలండీ. ఊరికే అలా కమిలిపోతోందంటే రక్తంలో ఏదో లోపం ఉంటుందని మందుల షాపతను అన్నాడు. పరీక్ష చేయిద్దాం రమ్మంటే రానంటుంది. అడిగితే మెట్లంటుంది. మెట్లన్నిటికీ రబ్బరు పట్టీలు అంటించాను అక్కయ్యగారూ. అయినా జారుతోంది. ఏదో పెద్ద జబ్బే అయ్యుంటుంది. నాకు చెప్పలేక దాస్తోంది."

టైలరక్క కత్తెర మీది చెయ్యి తీసేసింది.

"దానికి తోడు వ్యాన్ ఆపెయ్యమన్నారు బడిలో. తల్లులకు నేనంటే ఇష్టం లేదట. ఏం తప్పు చేశానండీ? ఏ పిల్లనీ ఒక్క మాట అనలేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. అసలే బాగోలేని మనిషి. రోజూ తయారై బయల్దేరుతున్నాను. వ్యాన్ తీసుకెళ్ళి బడి పక్కన ఆపి, పిల్లలు లోపలికి వెళ్ళేదాకా చూసి, ఎటో పోయి కూర్చుని, సాయంత్రం ఇంటికొస్తున్నాను."

అతను వెళ్ళిపోయాడు. అత్తగారు కుట్లు విప్పడం ఆపి కోడలి వంక చూసింది. టైలరక్క ముందు పరిచి ఉన్నది మళ్ళీ అతుకుకు వచ్చిన ఆ ప్యాంటే, చిరుగులూ అలాంటివే. కానీ లెక్క చెదిరిపోయింది. పెళ్ళాం జారిపోతుందని మెట్లకు రబ్బరు అంటించే మొగుడు బూటు కాలితో తన్నడు. మరి ఆ జిడ్డెక్కడిది? ఆ చిల్లులెక్కడివి? ఆమెకు సిగ్గూ, కుతూహలమూ రెండూ కలిసి వచ్చాయి. ఏది ముందు వచ్చిందో మాత్రం మనం అడగకూడదు.

"ఇప్పుడైనా వెళ్ళి అడుగు" అంది అత్తగారు.

ఆవిడ రోజూ పొద్దున, మొగుడు వ్యాన్ తీసుకుని బయల్దేరగానే, నడకకని వెళ్ళడం టైలరక్క కిటికీలోంచి చూస్తున్నదే. మర్నాడు ఆమె వెనకే బయల్దేరింది. ఆవిడ వీధి చివర సైకిలు రిపేరు కొట్టు దగ్గర ఆగింది. లోపలి నుంచి ఒక చిన్న సైకిలు తెచ్చుకుంది. దాన్ని నడిపించుకుంటూ, మూతపడ్డ నూలు మిల్లు గోడలో పడిన సందులోంచి లోపలికి దూరింది. టైలరక్క కూడా కొంగు సర్దుకుని దూరింది.

మిల్లు ముందు విశాలమైన సిమెంటు ఆవరణ. ఒకప్పుడు లారీలు తిరిగిన చోటు. ఆవిడ సైకిలెక్కి రెండు చుట్లు మామూలుగా తిరిగింది. తర్వాత కుడికాలితో పెడల్‌ను బలంగా తొక్కి, హ్యాండిల్ వదలకుండా చేతులు చాచి, నడుము వెనక్కి వాల్చింది. ముందు చక్రం నేల వదిలి లేచింది. టైలరక్క నోరు తెరిచింది. ఆ చక్రం దిగలేదు. కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడ, ఎవరి ముందూ గొంతెత్తని ఆవిడ, వెనక చక్రం ఒక్కదాని మీద ఆవరణ ఆ చివరి దాకా తొక్కుకుంటూ పోయింది. ముందు చక్రం గాల్లో తీరిగ్గా తిరుగుతూనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకా ధైర్యం చేసి ఒక చెయ్యి వదిలింది. అంతే. సైకిలు ముందుకు జారిపోయింది, మనిషి వెల్లకిలా పడి, కూర్చున్న చోటు మీదే గచ్చుపై రాసుకుంటూ పోయింది. పడి, ఆకాశం వంక చూస్తూ ఒక్కతే పకపకా నవ్వింది.

"అయ్యో!" అని టైలరక్క పరుగెత్తింది.

ఆవిడ నవ్వు చటుక్కున ఆగిపోయింది. ఏదో దొంగతనం చేస్తూ దొరికిన దానిలా లేచి నిలబడింది. "అక్కా, మీరా? ఎవరికీ చెప్పకండి."

టైలరక్క ముందు సైకిలు దగ్గరకు వెళ్ళింది. గొలుసు కుడివైపు, దాని నిండా నల్లటి జిడ్డు. పెడల్ మీద, కాలు జారకుండా, మేకుల్లాంటి చిన్న చిన్న ములుకులు, వరసగా. వాటిని వేలితో తడిమి చూసింది. చిల్లుల సంగతి తేలిపోయింది.

"ఎన్నాళ్ళుగా అమ్మాయ్ ఇది?"

"ఇది మా పాప సైకిలు అక్కా. అది హాస్టలుకు వెళ్ళిపోయాక అమ్మేద్దామని తోసుకుంటూ బయల్దేరా. సగం దారిలో, తోసుకెళ్ళడమెందుకు, ఎక్కుదామనిపించింది. గుంట అడ్డం వచ్చింది. హ్యాండిల్ గట్టిగా లాగా. ముందు చక్రం లేచింది." ఆవిడ మొహం వెలిగింది. "కడుపులో ఏదో అయింది. చిన్నప్పుడు ఉయ్యాల పైకెళ్ళినప్పుడు అయ్యేది చూడండి, అది. ఇలాంటిది ఒకటుందనే మర్చిపోయా. ఇంకోసారి లేస్తుందా, చూద్దామనుకున్నా. లేచింది. ఎంతసేపు నిలుస్తుందో చూద్దామనుకున్నా. ఇప్పటికీ చూస్తూనే ఉన్నా."

"మరి చెప్పొచ్చుగా! మెట్లని ఎందుకన్నావు?"

"చెబితే మీరు ఏమనేవారు?"

తాను ఏమనేదో టైలరక్కకు తెలుసు. 'ఈ వయసులో ఇదేం పోయేకాలం' అనేది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, వచ్చిన వాళ్ళందరికీ చెప్పి మరీ నవ్వేది.

"మీ ఆయనకైనా చెప్పొచ్చుగా?"

"ఆయన నవ్వరు. భయపడతారు. భయపడి మానెయ్యమంటారు. ఆయన బతిమాలితే నేను మానేస్తాను. మానెయ్యడం నాకిష్టం లేదు. అందుకే చెప్పలేదు."

"వీధిలో అందరూ ఏమనుకుంటున్నారో తెలుసా నీకు?"

ఆవిడ తల దించుకుంది. "తెలుసు. కూరగాయల కొట్టులో నా భుజం నిమిరినప్పుడే తెలిసింది. కాదు అని చెబుదామనే అనుకున్నా. అప్పుడు, మరి ఈ దెబ్బలెక్కడివంటారు కదా! దెబ్బలు తినే ఆడదాన్ని చూస్తే జాలిపడతారు అక్కా. ఆడుకునే ఆడదాన్ని చూస్తే నవ్వుతారు. జాలినైతే ఎలాగో భరించవచ్చనిపించింది."

ఆ మాట టైలరక్క గుండెలో దిగింది. కానీ అసలు సంగతి ఆమె చెప్పవలసి ఉంది. చెప్పింది. వ్యాన్ ఆపేశారని, అతను ఎటూ తోచక వీధుల్లో కూర్చుంటున్నాడని, పెళ్ళానికి పెద్ద జబ్బు చేసిందని బెంగపడుతున్నాడని. దానికి మొదటి మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో కూడా చెప్పింది.

ఆవిడ గచ్చు మీదే కూలబడింది. "రోజూ అన్నం బాక్సు కట్టి ఇస్తున్నానే! తీసుకెళ్తున్నారే!" అంది. తన ఆటను దాచుకోవడానికి తాను మొగుడి పేరును అడ్డం పెట్టుకున్నానని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఏడవలేదు. అరచేతుల్లో గుచ్చుకున్న ఇసుక దులుపుకుని, సైకిలు లేపి పట్టుకుంది.

"ఎక్కడికి?"

"బడికి. బడి తెరిచే వేళైంది, తల్లులందరూ ఇప్పుడు గేటు దగ్గరే ఉంటారు."

"పద, నేనూ వస్తున్నా" అంది టైలరక్క.

బడి గేటు దగ్గర సందడిగా ఉంది. ఎదురుగా గోడ పక్కన ఖాళీ వ్యాన్, అందులో అతను. పెళ్ళాం సైకిలుతో రావడం చూసి ఏమీ అర్థం కాక దిగి నిలబడ్డాడు. బడి నడిపే పెద్ద పంతులమ్మగారు గేటు దగ్గర పిల్లలను లోపలికి పంపుతున్నారు. కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడ నేరుగా పంతులమ్మగారి ముందుకు వెళ్ళింది.

"మేడమ్, మా ఆయన నన్ను ఎన్నడూ కొట్టలేదు."

గేటు దగ్గరి తల్లులందరూ ఇటు తిరిగారు. అతనికి ఆ మాట ఒక చెంపదెబ్బలా తగిలింది. తన మీద ఉన్న నింద ఏమిటో అతను మొదటిసారి వినడం అప్పుడే. ఒక తల్లి పక్కామెతో, "దెబ్బలు తిన్నవాళ్ళందరూ ఇదే అంటారు పాపం" అని గొణిగింది. అందరి కళ్ళలోనూ అదే జాలి. మాటలతో పని జరగదని ఆవిడకు తెలిసిపోయింది.

"దెబ్బలు ఇలా తగిలాయి" అని సైకిలెక్కింది.

పెడల్ తొక్కింది, వెనక్కి వాలింది. ముందు చక్రం లేచి, లేచినట్టే దబ్బున దిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. మిల్లు ఆవరణలో అంత తేలిగ్గా వచ్చేది ఇంతమంది కళ్ళ ముందు రాలేదు. రెండోసారి పెడల్‌ను మరీ బలంగా తొక్కింది. చక్రం లేచింది, ఇంకా లేచింది, ఆపలేకపోయింది. సైకిలు ఒక దారి, ఆవిడ ఒక దారి అయ్యారు. అందరి ముందూ వెల్లకిలా పడి, రోడ్డు మీద జారి, ఒక తల్లి కాళ్ళ దగ్గర ఆగింది.

నవ్వులు పేలాయి. ఇన్నాళ్ళూ ఆవిడ దేనికి భయపడి దాక్కుందో అదే జరిగింది. పెద్దలు నవ్వారు, గేటు లోపలి పిల్లలు నవ్వారు. ఆవిడ ఆ నవ్వుల మధ్యనే లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కొత్తగా చిరిగిన ప్యాంటు చూపించింది.

టైలరక్క ముందుకు వచ్చింది. "చూడండమ్మా. నేను అతికిన చిరుగులన్నీ ఇలాంటివే, ఇక్కడివే. కాలి అంచున ఈ జిడ్డు గొలుసుది. ఆడుకుంటున్నానంటే మనం నవ్వుతామని, దానికంటే మన జాలే నయమనుకుని ఈమె మెట్లంది. నేను కూర్చోబెట్టి అడగలేదు, గుడ్డ చూసి కథ అల్లాను. అతని తప్పేమీ లేదు, తప్పంతా నా నోటిదే."

ఈలోగా అతను పరుగెత్తుకొచ్చి పెళ్ళాం మోచేతులు తిప్పి తిప్పి చూస్తున్నాడు. నవ్వులు అతనికి వినబడినట్టే లేదు.

"ఇవన్నీ దీని మీంచి పడ్డవేనా?"

"ఊఁ."

"అన్నీనా?"

"అన్నీ. కోప్పడకండి, చెప్పలేకపోయా."

"అంటే రక్తంలో ఏమీ లేదా? జబ్బు కాదా నీకు?" ఆ పెద్ద గొంతు గేటు దాటి బడంతా వినిపించింది. "జబ్బు లేదా!" అని మళ్ళీ అని, ఆ భారీ మనిషి రోడ్డు మధ్యనే రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేశాడు.

నవ్వులు ఆగిపోయాయి. కొందరు తలలు దించుకున్నారు. పెద్ద పంతులమ్మగారు గేటు బయటకు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, "రేపటి నుంచి వ్యాన్ తీసుకురా నాయనా, నన్ను క్షమించు" అన్నారు. తర్వాత తల్లుల వైపు తిరిగారు.

"ఇది ఈ దర్జీ అమ్మ ఒక్కదాని తప్పు కాదు. ఈమెను మొగుడు కొడుతున్నాడని మనందరం నమ్మాం. నమ్మి ఏం చేశాం? మన పిల్లల్ని వ్యాన్ లోంచి దింపుకున్నాం. నేను వ్యానే ఆపేశాను. ఈమె తలుపు తట్టి, 'ఏమైందమ్మా, మేమున్నాం చెప్పు' అని అడిగినవాళ్ళు ఉన్నారా ఇక్కడ? నేనూ అడగలేదు. ఈసారి అబద్ధం కాబట్టి బతికిపోయాం. రేపు ఏ ఇంట్లోనైనా ఒక అమ్మాయి నిజంగానే దెబ్బలు తింటుంటే, ఆమెకు మనమిచ్చేది కూడా ఈ 'పాపం' అన్న మాటేనా? ఇక నవ్వు సంగతి. నలభై ఏళ్ళ మనిషి ఒక ఆట నేర్చుకుంటోంది. మన నవ్వుకు భయపడి, దెబ్బలు తినే ఆడదానిగా బతకడమే మేలనుకుంది. అలా అనిపించేలా ఉంది మన నవ్వు!"

ఆవిడ ఎవరి కాళ్ళ దగ్గర పడిందో ఆ తల్లి వంగి సైకిలు లేపి తెచ్చి ఇచ్చింది. అతను కళ్ళు తుడుచుకుని, ఆ చిన్న సైకిలును పైనుంచి కిందికి పరీక్షగా చూశాడు.

"అసలు ఆ ముందు చక్రం ఎలా లేస్తుందే?" అన్నాడు. భయం ఇంకా పోలేదు, కానీ అడగకుండా ఉండలేకపోయాడు.

"చూపించనా?" అంది ఆవిడ.

తల్లులు రెండు వైపులా జరిగి దారి ఇచ్చారు. ఆవిడ తొక్కింది, వాలింది, ఈసారి వేలు వెనక బ్రేకు మీద పెట్టి నింపాదిగా చక్రం లేపింది. బడి గోడ పొడుగునా, పిల్లల కేకల మధ్య, వెనక చక్రం మీదే సాగిపోయింది. ఆమె వెనక ఆ పెద్ద మనిషి "బ్రేకు, బ్రేకు!" అని అరుస్తూ పరుగెత్తాడు.

సాటి మనిషి ఒంటి మీద గాయం కనిపిస్తే దాని గురించి పదిమందిని కాదు, ఆ మనిషినే అడగాలి; అది ఆటలో తగిలిన గాయమని తెలిసినప్పుడు, ఆ మనిషి వయసెంతైనా సరే, నవ్వకుండా పక్కకు జరిగి దారి ఇవ్వాలి.